రుణం ఒక్కటే చాలదు: మహబూబ్‌నగర్ స్థానిక బ్యాంకు అనుభవం నేర్పిన పాఠాలు

(ప్రత్యేక వ్యాసం)

మహబూబ్‌నగర్: పేద కుటుంబానికి సకాలంలో, న్యాయమైన వడ్డీకి అప్పు లభిస్తే చాలు, ఆ కుటుంబం తన కాళ్లపై తాను నిలబడగలదన్న విశ్వాసం 1990వ దశకంలో దేశమంతటా బలంగా ఉండేది. ఆ విశ్వాసాన్ని కరవు పీడిత ప్రాంతంలో ఆచరణలో పెట్టి, ఆశించిన ఫలితం పూర్తిగా రాలేదని తామే లెక్క తేల్చి, అందుకు తగినట్లు పని విధానాన్ని మార్చుకున్న సంస్థ బేసిక్స్. మహబూబ్‌నగర్ కేంద్రంగా 2001లో ప్రారంభమైన కృష్ణా భీమా సమృద్ధి లోకల్ ఏరియా బ్యాంకు ఆ సంస్థ నెలకొల్పినదే. దీని వ్యవస్థాపకులలో ముఖ్యుడైన విజయ్ మహాజన్ వృత్తి జీవితం పేదల ఆర్థిక సేవలు, సామాజికాభివృద్ధి రంగాలలో గత నాలుగు దశాబ్దాలలో వచ్చిన మార్పులకు అద్దం పడుతుంది. పేదల గృహ నిర్మాణ పథకాలు మళ్లీ ఊపందుకున్న ప్రస్తుత తరుణంలో ఆ అనుభవం అధికార యంత్రాంగానికి, పాత్రికేయులకు ఉపయుక్తం కాగలదు.

అప్పుల నేపథ్యం

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాలలో సాగుభూమిలో అధిక భాగం ఎర్రచెలక నేలలు. వానపై ఆధారపడిన ఆముదం, వేరుసెనగ, జొన్న వంటి పంటలు ఇక్కడి రైతుల జీవనాధారం. వాన ముఖం చాటేసిన ఏడాది బోరుబావి తవ్వకానికి, పశువుల మేతకు, పెళ్లికి, వైద్యానికి అప్పు తప్పనిసరి అయ్యేది. బ్యాంకు శాఖ దూరం. షావుకారు దగ్గర. నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 36 శాతం వడ్డీ. ఆ బాకీ తీర్చేందుకు మేస్త్రీల వద్ద ముందుగా సొమ్ము తీసుకుని, కుటుంబాలకు కుటుంబాలే దూర ప్రాంతాలలో ఆనకట్టల, రహదారుల, భవనాల పనులకు తరలివెళ్లేవి. ‘పాలమూరు లేబర్’ అన్న మాట దేశంలోని నిర్మాణ రంగమంతటా ప్రచారంలోకి వచ్చింది. ఇతరుల ఇళ్లు కట్టడంలో ఆరితేరిన ఆ కూలీలలో అనేకులకు సొంత ఊరిలో మట్టిగోడల గుడిసె తప్ప మరో నీడ ఉండేది కాదు.

భూదానోద్యమ భూముల నుంచి బ్యాంకు వరకు

ఢిల్లీ ఐఐటీలోను, అహ్మదాబాద్ ఐఐఎంలోను చదువు ముగించిన విజయ్ మహాజన్ 1980వ దశకం ఆరంభంలో గ్రామీణాభివృద్ధి రంగంలో అడుగుపెట్టారు. బీహార్‌లో భూదానోద్యమం ద్వారా పేదలకు లభించిన భూములను సాగులోకి తెచ్చే కార్యక్రమంలో ఆయన తొలుత పనిచేశారు. ఆ ఉద్యమానికి పుట్టినిల్లు నల్గొండ జిల్లా. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో ఆచార్య వినోబా భావే సమక్షంలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలను దానంగా ప్రకటించడంతో అది ప్రారంభమైంది. భూమి చేతికి వచ్చినా నీరు, విత్తనం, పెట్టుబడి, సాంకేతిక సలహా లేనిదే ఆ భూమి అన్నం పెట్టదన్నది బీహార్ అనుభవం నేర్పిన తొలి పాఠం.

1983లో దీప్ జోషితో కలిసి ఆయన ప్రదాన్ సంస్థను నెలకొల్పారు. ఉన్నత విద్యావంతులైన యువతను గ్రామాలకు పంపి, స్వచ్ఛంద సంస్థలకు వృత్తి నైపుణ్యం జోడించడం ఆ సంస్థ ధ్యేయం. దీప్ జోషికి 2009లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ప్రదాన్ ప్రోత్సహించిన చిన్న చిన్న జీవనోపాధి పనులు విస్తరించే దశకు చేరినప్పుడల్లా పెట్టుబడి కొరత అడ్డు వచ్చేది. విరాళాలతో వేల కుటుంబాలను చేరలేమని, పేదలకు రుణమిచ్చి తన ఖర్చులు తానే రాబట్టుకోగల ఆర్థిక సంస్థ అవసరమని నిర్ణయానికి వచ్చిన మహాజన్ 1996లో భారతి గుప్తా రమోలా, దీప్ జోషిలతో కలిసి హైదరాబాద్ కేంద్రంగా బేసిక్స్‌ను స్థాపించారు. తొలి రుణాలను మహబూబ్‌నగర్‌కు పొరుగున ఉన్న కర్ణాటకలోని రాయచూరు జిల్లాలో పంపిణీ చేశారు. ఫోర్డ్ ఫౌండేషన్, సర్ రతన్ టాటా ట్రస్టు, స్విట్జర్లాండ్ అభివృద్ధి సహకార సంస్థ ప్రారంభ నిధులు సమకూర్చాయి.

షికాగో నమూనా

బేసిక్స్ స్థాపనకు ముందు దాని వ్యవస్థాపకులు వివిధ దేశాలలోని పేదల బ్యాంకులను అధ్యయనం చేశారు. వాటిలో వారిని ప్రభావితం చేసినది అమెరికాలోని షికాగో నగరానికి చెందిన షోర్‌బ్యాంక్. ఆ నగర దక్షిణ భాగంలో నల్లజాతీయులు స్థిరపడిన పేటలకు ఇతర బ్యాంకులు గృహ రుణాలు నిలిపివేయగా, 1973లో కొందరు బ్యాంకర్లు అక్కడి సౌత్ షోర్ బ్యాంకును కొనుగోలు చేసి, పాత నివాస భవనాల మరమ్మతులకు స్థానికులకే రుణాలిచ్చారు. ఒక వీధిలో కొన్ని భవనాలు బాగుపడితే మిగిలినవారికీ తమ ఇళ్లపై సొమ్ము వెచ్చించే ధైర్యం కలుగుతుందన్నది వారి ఆలోచన. బ్యాంకుతోపాటు స్థిరాస్తి అభివృద్ధి సంస్థ, లాభాపేక్ష లేని సేవా విభాగం ఒకే గొడుగు కింద పనిచేసేవి. గృహరుణాన్ని సామాజికాభివృద్ధికి సాధనంగా మలచిన ఈ ఏర్పాటునే బేసిక్స్ భారత గ్రామీణ పరిస్థితులకు అన్వయించుకున్నది. అక్కడ ఇల్లు కేంద్రం కాగా, ఇక్కడ జీవనోపాధి కేంద్రమైంది. బేసిక్స్ ఆధ్వర్యంలోని భారతీయ సమృద్ధి ఫైనాన్స్‌లో షోర్‌బ్యాంక్‌తోపాటు అంతర్జాతీయ ఫైనాన్స్ కార్పొరేషన్, దేశంలో గృహరుణాలకు పేరెన్నికగన్న హెచ్‌డీఎఫ్‌సీ, ఐసీఐసీఐ కూడా వాటాదారులుగా చేరాయి.

మూడు జిల్లాల బ్యాంకు

గ్రామీణ ప్రాంతంలో సేకరించిన పొదుపును అదే ప్రాంతంలో రుణంగా వినియోగించాలన్న ఉద్దేశంతో భారత రిజర్వు బ్యాంకు 1996లో లోకల్ ఏరియా బ్యాంకుల పథకాన్ని ప్రవేశపెట్టింది. కనీసం 5 కోట్ల రూపాయల మూలధనంతో, ఒకదానికొకటి ఆనుకుని ఉన్న మూడు జిల్లాలకు పరిమితమై ఈ బ్యాంకులు పనిచేయవలసి ఉండేది. ఈ పథకం కింద మహబూబ్‌నగర్, రాయచూరు, గుల్బర్గా జిల్లాల పరిధితో కృష్ణా భీమా సమృద్ధి బ్యాంకు ఏర్పడింది. కృష్ణా, భీమా నదుల సంగమం ఈ మూడు జిల్లాల ఉమ్మడి సరిహద్దు ప్రాంతంలో, ప్రస్తుత నారాయణపేట జిల్లా తంగిడి సమీపంలో ఉన్నందున ఆ నదుల పేర్లే బ్యాంకుకు పెట్టారు.

ఫైనాన్స్ కంపెనీకి, బ్యాంకుకు గల ప్రధాన భేదం డిపాజిట్ల స్వీకరణ. పేద కుటుంబానికి అప్పు ఎంత ముఖ్యమో, చేతిలోని నాలుగు రూపాయలు భద్రంగా దాచుకునే చోటు అంతకంటె ముఖ్యం. వలస నుంచి తిరిగి వచ్చిన కూలీ చేతిలో ఒక్కసారిగా సొమ్ము ఉంటుంది. కొద్ది వారాలలో అది ఖర్చయిపోతుంది. పొదుపు సౌకర్యం ఉన్నచోట ఆ సొమ్ములో కొంత విత్తనానికో, ఇంటి పైకప్పుకో మిగులుతుంది. పేదల కోసం ఏర్పడిన సంస్థ బ్యాంకు రూపాన్ని కోరుకోవడానికి కారణం ఇదే.

తమ పనిపై తామే వేసుకున్న కొలత

ఐదేళ్లు రుణాలిచ్చిన తరువాత 2001లో బేసిక్స్ తన ఖాతాదారుల స్థితిగతులపై అధ్యయనం చేయించింది. వసూళ్లు సంతృప్తికరంగా ఉన్న దశలో, వాయిదాలు సక్రమంగా వస్తున్నాయి గనుక పని బాగున్నట్లేనని సరిపెట్టుకోవడానికి అవకాశం ఉన్నది. అధ్యయనం మరో ప్రశ్న వేసింది: అప్పు తీసుకున్న కుటుంబం ఆదాయం పెరిగిందా? కనీసం మూడేళ్లపాటు రుణాలు పొందినవారిలో 52 శాతం మందికి మాత్రమే ఆదాయం పెరిగినట్లు, 25 శాతం మందికి ఏ మార్పూ లేనట్లు, 23 శాతం మందికి తగ్గినట్లు వెల్లడైంది. అంటే దాదాపు సగం మంది అప్పు తీర్చారే గాని బాగుపడలేదు.

ఇందుకు మూడు కారణాలు తేలాయి. వాన, పశువుల మరణం, అనారోగ్యం వంటి నష్టాలకు రక్షణ లేకపోవడం మొదటిది. పంట, పాడి ఉత్పాదకత తక్కువగా ఉండటం రెండవది. కొనేచోట, అమ్మేచోట పేదలకు బేరమాడే శక్తి లేకపోవడం మూడవది. వీటిలో ఏ ఒక్కటీ అదనపు అప్పుతో తీరేది కాదు. ఆ మీదట సంస్థ తన విధానాన్ని మూడు అంగాలుగా పునర్నిర్మించింది. రుణంతోపాటు పొదుపు, బీమా కల్పించే ఆర్థిక సేవలు, పంటకు, పశువులకు, చిన్న వ్యాపారాలకు రుసుముపై సాంకేతిక సలహాలు, రైతులు, మహిళలు సంఘాలుగా ఏర్పడి నిలదొక్కుకునేందుకు సంస్థాగత సహాయం అన్నవి ఆ మూడు అంగాలు.

వానకు బీమా: మహబూబ్‌నగర్ ప్రయోగం

ఈ మార్పు ఫలితంగానే 2003 ఖరీఫ్‌లో మహబూబ్‌నగర్ జిల్లా ఒక ప్రయోగానికి వేదికయింది. దేశంలో తొలి వర్షపాత సూచీ బీమాను ఐసీఐసీఐ లాంబార్డ్, బేసిక్స్ సంస్థలు ప్రపంచ బ్యాంకు సాంకేతిక సహకారంతో కృష్ణా భీమా సమృద్ధి బ్యాంకు ద్వారా ఇక్కడ ప్రవేశపెట్టాయి. వేరుసెనగ, ఆముదం పండించే రెండు వందలకు పైగా రైతులు తొలి ఏడాది పాలసీలు తీసుకున్నారు.

సాధారణ పంటల బీమాలో దిగుబడి అంచనా వేసి పరిహారం చెల్లించేసరికి నెలలు గడుస్తాయి. సూచీ బీమాలో పొలానికి వెళ్లి నష్టాన్ని లెక్కించే పని ఉండదు. నిర్ణీత వర్షమాపక కేంద్రంలో, పంటకు కీలకమైన దశలలో నమోదైన వర్షం ముందుగా నిర్ణయించిన స్థాయికి తగ్గితే పరిహారం లభిస్తుంది. ఇందులో తిరకాసు కూడా లేకపోలేదు. మాపక కేంద్రం వద్ద వాన కురిసి, పది కిలోమీటర్ల దూరంలోని చెలక ఎండిపోతే రైతుకు పైసా రాదు.

మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాలలో ఈ బీమాపై ఆర్థికవేత్తలు జరిపిన పరిశోధనలు అంతర్జాతీయ ఖ్యాతి పొందాయి. చేతిలో సొమ్ము కొరతగా ఉన్న రైతులు, అంటే బీమా అత్యవసరమైనవారే, పాలసీలు తక్కువగా కొన్నారని అవి తేల్చాయి. గ్రామస్థులకు తెలిసిన బేసిక్స్ ప్రతినిధి వెంట ఉండి పరిచయం చేసినచోట కొనుగోళ్లు పెరిగాయి. పథకం ఎంత శాస్త్రీయమైనదైనా, ఊరిలో నమ్మకమైన మనిషి ద్వారా వెళ్లనిదే అది గడప దాటదని దీని సారాంశం.

2010 సంక్షోభం

ఇదే కాలంలో సూక్ష్మరుణ సంస్థలు రాష్ట్రంలో వేగంగా విస్తరించాయి. 2006లోనే కృష్ణా జిల్లాలో అధిక వడ్డీలు, వసూళ్ల ఒత్తిళ్లపై ఫిర్యాదులు రాగా జిల్లా యంత్రాంగం పలు సంస్థల కార్యాలయాలను మూసివేయించింది. ఆ హెచ్చరిక ఎక్కువకాలం గుర్తులేదు. ఒకే కుటుంబానికి రెండు మూడు సంస్థలు రుణాలివ్వడం, ఒక సంస్థ వాయిదా కట్టేందుకు మరో సంస్థ వద్ద అప్పు చేయడం పరిపాటి అయింది. వానాకాలం పంట సొమ్ము ఏడాదికి ఒకసారి వచ్చే ఇంటి నుంచి వారం వారం వాయిదా వసూలు చేసే పద్ధతి ఒత్తిడిని పెంచింది. రుణగ్రస్తుల ఆత్మహత్యల వార్తల నేపథ్యంలో 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు జారీ చేసింది. తరువాత అది చట్టరూపం దాల్చింది. సంస్థలు జిల్లా స్థాయిలో నమోదు కావాలని, మొత్తం వడ్డీ అసలును మించరాదని, స్వయం సహాయక సంఘ సభ్యులకు అదనపు రుణమివ్వాలంటే ముందస్తు అనుమతి పొందాలని, బలవంతపు వసూళ్లు శిక్షార్హమని అందులో నిబంధనలు పొందుపరిచారు.

ఆపై రాష్ట్రంలో సూక్ష్మరుణ వసూళ్లు దాదాపు స్తంభించాయి. బీమా, సాంకేతిక సేవలు అందించిన బేసిక్స్ కూడా ఆ తాకిడి నుంచి తప్పించుకోలేకపోయింది. సమృద్ధి ఫైనాన్స్ తీవ్ర నష్టాల పాలైంది. అప్పటికి సూక్ష్మరుణ సంస్థల జాతీయ వేదికకు విజయ్ మహాజనే అధ్యక్షుడు కావడం గమనార్హం. తన సంస్థను తానే కొలిచి లోపాన్ని సరిదిద్దుకున్న నాయకుడు, మొత్తం రంగం వేగాన్ని మాత్రం అదుపు చేయలేకపోయారు. అదే ఏడాది ఆగస్టులో, అమెరికా గృహరుణ మాంద్యం కారణంగా షికాగోలోని షోర్‌బ్యాంక్ కూడా మూతపడింది. సదుద్దేశం గల సంస్థ సైతం చుట్టూ ఉన్న మార్కెట్ కుప్పకూలితే నిలవలేదని ఈ రెండు ఘటనలు నిరూపించాయి. తదనంతరం రిజర్వు బ్యాంకు సూక్ష్మరుణాలకు ప్రత్యేక నిబంధనలు రూపొందించింది. 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన నియమావళి ప్రకారం ఒక కుటుంబం చెల్లించవలసిన నెలవారీ వాయిదాలన్నీ కలిపి ఆ కుటుంబ ఆదాయంలో 50 శాతానికి మించరాదు. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన ఫైనాన్స్ కంపెనీలకు 2010 నాటి రాష్ట్ర చట్టం వర్తించదని తెలంగాణ హైకోర్టు 2023 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది.

సంఘాల బాట

పేదల రుణానికి మరో మార్గం మహిళా స్వయం సహాయక సంఘాల రూపంలో ఇదే గడ్డపై రూపుదిద్దుకుంది. 2000 సంవత్సరంలో ప్రపంచ బ్యాంకు సహాయంతో ప్రారంభమైన వెలుగు ప్రాజెక్టు తొలి ఆరు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. 2003 నుంచి రెండవ దశలో నల్గొండతో సహా మిగిలిన గ్రామీణ జిల్లాలకు అది విస్తరించింది. సంఘం, గ్రామైక్య సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అన్న అంచెలలో మహిళలే లెక్కలు రాసి, తీర్మానాలు చేసి, బ్యాంకులతో వ్యవహరించే వ్యవస్థ ఏర్పడింది. నూటికి నెలకు 25 పైసలు, అంటే ఏడాదికి 3 శాతం భారం మాత్రమే సభ్యులపై పడేలా 2004లో పావలా వడ్డీ పథకం వచ్చింది. అత్యవసర రుణాల కోసం 2011లో సంఘాల సొంత పరపతి సహకార సమాఖ్యగా స్త్రీనిధి ఆవిర్భవించింది.

బేసిక్స్ మార్గానికి, సంఘాల మార్గానికి మధ్య భేదాలు అనేకం. మొదటిది వృత్తి నిపుణులు నడిపిన సంస్థ, రెండవది సభ్యులే యజమానులుగా గల వ్యవస్థ. అయితే రెండింటి అనుభవం ఒకే చోట కలుస్తుంది. రుణం ఒంటరిగా పనిచేయదు. దానికి పొదుపు, నష్టాల నుంచి రక్షణ, బేరమాడే సంఘబలం తోడు కావాలి.

ఇంటికీ అదే సూత్రం

ఈ సూత్రం గృహ నిర్మాణంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 1979లో గృహ నిర్మాణ సంస్థ ఏర్పడినది మొదలు నేటివరకు పేదల ఇళ్ల పథకాలలో అనేకంలో దశలవారీ చెల్లింపే ప్రధాన పద్ధతి. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో ఒక్కో ఇంటికి 5 లక్షల రూపాయల సహాయం నిర్ణయించారు. పునాది మొదలు ముగింపు వరకు పని పురోగతిని బట్టి ఈ మొత్తం విడతలుగా అందుతుంది. ప్రజాధనం దుర్వినియోగం కాకుండా ఈ పద్ధతి అవసరమే. అయితే విడత సొమ్ము రావాలంటే ఆ దశ పని ముందుగా పూర్తి కావాలి. ఆ పనికి ఇసుక, సిమెంటు, ఇనుము, మేస్త్రీ కూలి ఎవరు పెట్టాలి? కూడబెట్టిన సొమ్ము ఉన్న కుటుంబం ఆ విరామాన్ని దాటుతుంది. లేని కుటుంబం షావుకారును ఆశ్రయిస్తుంది, లేదా మొండిగోడల వద్ద ఆగిపోతుంది. సహాయ మొత్తం ఎంత అన్నదానితోపాటు, ఏ వారంలో చేతికి అందింది అన్నది కూడా ఇల్లు పూర్తి కావడాన్ని నిర్ణయిస్తుంది. రెండు విడతల మధ్య అక్కరకు వచ్చే స్వల్పకాలిక, స్వల్పవడ్డీ రుణానికి గ్రామైక్య సంఘాలు, స్త్రీనిధి సహజమైన ఆధారాలు.

ప్రస్తుతం యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్న పోచంపల్లి మరో కోణాన్ని చూపుతుంది. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్ వస్త్రాలు చేనేత కార్మికుల ఇళ్లలోనే తయారవుతాయి. మగ్గానికి గుంట, అచ్చుకు చోటు, నూలు తడవకుండా గట్టి పైకప్పు కావాలి. వానకు కారే ఇంట్లో పని ఆగిపోతుంది. ఆ కుటుంబానికి గృహరుణమంటే ఉపాధి రుణమే. చేనేత కార్మికులకు ఇల్లు, పనిచోటు కలిపి నిర్మించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం ఏడవ పంచవర్ష ప్రణాళికా కాలంలోనే ప్రవేశపెట్టడానికి ఇదే ప్రాతిపదిక. మేకలు, గేదెలు పెంచే కుటుంబానికి కొట్టం, దర్జీకి వీధివైపు గది కూడా ఇటువంటివే. ఇంటి నమూనా ఆ ఇంటివారి వృత్తిని గమనించి రూపొందినప్పుడే దానిపై పెట్టిన సొమ్ము ఆదాయంగా తిరిగి వస్తుంది.

గమనించదగిన అంశాలు

మహబూబ్‌నగర్ అనుభవాన్ని బట్టి, పేదల రుణ, గృహ పథకాల అమలును సమీక్షించే అధికారులు, వాటిపై వార్తలు రాసే పాత్రికేయులు నాలుగు ప్రశ్నలు వేసుకోవడం సముచితం. పంపిణీ చేసిన మొత్తంతోపాటు, మూడేళ్ల తరువాత ఆ కుటుంబాల ఆదాయం ఎలా ఉన్నదో లెక్క తీశారా? వాయిదాల గడువు ఆ ఇంటికి సొమ్ము వచ్చే కాలంతో పొంతన కుదురుతున్నదా? ఆ కుటుంబంపై ఉన్న ఇతర అప్పులన్నీ ఒకే చోట లెక్కలోకి వచ్చాయా? పథకాన్ని గడప వరకు తీసుకువెళ్లే వ్యక్తిని ఊరు నమ్ముతున్నదా?

వసూళ్లు బాగున్న రోజున కూడా తన పని ఫలితాన్ని తానే ప్రశ్నించుకున్న సంస్థ అనుభవం నుంచి పుట్టినవి ఈ ప్రశ్నలు. 2001 నాటి అధ్యయనంలో అప్పు తీర్చి కూడా బాగుపడని ఆ 48 శాతం కుటుంబాలను దృష్టిలో ఉంచుకుని రూపొందిన పథకమే, నిర్మించిన ప్రతి ఇంటిలోనూ పొయ్యి వెలిగేలా చేయగలదు.